పాయింట్లు తీసేయమంటారా?

ప్రశ్న: మా తాతగారి 1951 షెవర్లే ట్రక్కును బాగుచేయించి ఆదివారాలు బయటికి తీస్తున్నాం. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 6 వోల్టుల బ్యాటరీ. కాస్త తిరిగేసరికి మిస్సింగ్ వస్తోంది. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పు పుట్టించే కాంటాక్టులు) మాటిమాటికీ గీకాల్సి వస్తోంది. మొన్న ఎండలో ట్యాంక్‌బండ్ మీద ఆగిపోయి, అరగంటకు మళ్లీ స్టార్టయింది. పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ తెప్పిద్దామని మా అబ్బాయి పట్టు. మా మెకానిక్ ఉస్తాద్ వద్దే వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: కిట్ సంగతి తర్వాత చూద్దాం. బండి ట్యాంక్‌బండ్ మీద ఆగింది ఇగ్నిషన్ వల్లేనని ఎవరు చెప్పారండీ? వేడికి ఆగి చల్లారాక స్టార్టయ్యే బండికి బ్యాటరీ వోల్టేజీని నిప్పు దూకేంతగా పెంచే కాయిలైనా పోతూ ఉండాలి, పాయింట్ల దగ్గర నిప్పురవ్వలు రేగకుండా చూసే కండెన్సరైనా పోతూ ఉండాలి, లేదా పైపులోనే పెట్రోలు ఆవిరై పంపుకు అందక పోవాలి. రాణిగంజ్‌లో నా షాపుకొచ్చిన పాత బళ్లలో, మే నెలలో అయితే, ఈ మూడోదే ఎక్కువ.

మళ్లీ ఆగినప్పుడు బానెట్ ఎత్తి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు నిప్పు పంచేది) క్యాప్ నడిమికి వచ్చే లావు వైరు ఊడదీయండి. దాన్ని పొడి కర్రకు కట్టి, కొసను ఇంజను బ్లాకుకు పావు అంగుళం దూరంలో పెట్టి, అబ్బాయిని సెల్ఫ్ కొట్టమనండి. (పెట్రోలు వాసన వస్తుంటే మాత్రం ఈ పరీక్ష వద్దు.) టప్ టప్‌మని నీలం నిప్పు దూకితే కాయిల్, కండెన్సర్, పాయింట్లు పనిచేస్తున్నట్టే, ముందు పెట్రోలు లైను చూసుకోండి. నిప్పు ఎర్రగా, సన్నగా ఉన్నా, అసలే లేకపోయినా అప్పుడు డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేయండి.

క్యాప్ విప్పి పాయింట్లను విడదీసి చూడండి. ఒకదాని మీద గుంట, ఎదుటిదాని మీద చిన్న గుట్ట కనిపిస్తే లోహం ఇటు నుంచి అటు దూకుతోందన్నమాట. అక్కడ అనుమానించాల్సింది కండెన్సర్‌ను. దాన్ని మార్చకుండా పాయింట్లు ఎంత గీకినా దండగే. ఆ తర్వాత క్యాప్ కింద తిరిగే రోటర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపండి. ఆడుతోందా? దాన్ని తిప్పే షాఫ్టు బుష్ అరిగింది. ఇలాంటి పాత పెట్రోలు బళ్లలో పాయింట్ల గ్యాప్ మామూలుగా 15 నుంచి 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) మధ్య ఉంటుంది. షాఫ్టు ఊగుతుంటే మీరు ఫీలర్ గేజ్ పెట్టి ఎంత శ్రద్ధగా సెట్ చేసినా ఒక సిలిండరుకు ఒక గ్యాప్, ఇంకోదానికి ఇంకో గ్యాప్.

మీ అబ్బాయి మాట నెగ్గేది ఇక్కడే. కిట్‌లో రోటర్ కింద అయస్కాంతాల రింగు తొడుగుతారు, పాయింట్లున్న చోట చిన్న మాడ్యూల్ బిగిస్తారు. అయస్కాంతం ఎదురుగా వచ్చిపోయిన ప్రతిసారీ మాడ్యూల్ కాయిల్‌కు కరెంటు ఆపుతుంది, నిప్పు పుడుతుంది. రుద్దుకునేది లేదు కాబట్టి అరిగేదీ లేదు. పాయింట్లకైతే క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గి, టైమింగ్ (నిప్పు పడే క్షణం) వెనక్కి జారుతుంది. షాఫ్టు కొంచెం ఊగినా మాడ్యూల్ పాయింట్లంత బాధపడదు. మరీ గలగలలాడితే మాత్రం బుష్ వేయించక తప్పదు.

అయితే మీది 6 వోల్టుల బండి, అసలు చిక్కంతా అదే. సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడిపోతే మాడ్యూల్ పనిచేయదు. పాయింట్లు ఆ కాస్త కరెంటుతోనూ ఎలాగో నెట్టుకొస్తాయి. అదే పనికి 12 వోల్టుల బండి కంటే మీ బండి రెట్టింపు ఆంపియర్లు లాగుతుంది కదా, మరి బ్యాటరీ కేబుళ్లు చూశారా? బాగుచేయించిన బళ్లకు చాలా వాటికి సన్నటి కారు కేబుళ్లే వేసి పంపుతారు. ట్రూప్ బజార్‌లో లావు వెల్డింగ్ కేబుల్ కొని రెండూ మార్పించండి. ఎర్త్ బోల్టు (బ్యాటరీ కేబుల్ ఛాసిస్‌కు కలిసే చోటిది) విప్పి కింద చూడండి, కొత్త పెయింటు మీదే బిగించేసి ఉంటారు. మెరిసే ఇనుము కనిపించేదాకా గీకి బిగించండి. ఈ రెండు పనులతోనే మిస్సింగ్ పోయినా నేను ఆశ్చర్యపోను.

కాయిల్ మీద 12 అని రాసి ఉందేమో కూడా చూడండి. అంబాసిడర్, పద్మిని పుణ్యమా అని మన దగ్గర దొరికేవన్నీ అవే. 3 ఓంల కాయిల్‌కు 6 వోల్టులిస్తే 2 ఆంపియర్లే వెళ్తాయి. ఒకటిన్నర ఓంలదైతే 4 వెళ్తాయి. నిప్పులో తేడా కంటికే కనిపిస్తుంది. కిట్ తయారీదారు చెప్పిన ఓంల కాయిలే వాడాలి.

ఇవన్నీ సరిచేశాక కిట్ పెట్టించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. 6 వోల్టులు, మైనస్ ఎర్త్ అని చెప్పి మరీ తెప్పించండి. ఆ కాలపు ఫోర్డ్, డాడ్జ్‌లది ప్లస్ ఎర్త్. మీ షెవర్లేది మైనస్సే, అయినా ఇన్నేళ్లలో ఎవరు ఏం మార్చారో! బ్యాటరీ ఏ కొస ఛాసిస్‌కు వెళ్తోందో కళ్లతో చూసుకోండి. వైర్లు తారుమారైతే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. ఇంజను ఆపి కీ ఆన్‌లో వదిలేసినా కొన్ని మాడ్యూళ్లు కాలిపోతాయి. బిగించాక టైమింగ్ మళ్లీ పెట్టించాలి. ఫ్లైవీల్‌లో కూర్చోబెట్టిన ఉక్కు గోలీయే మీ బండికి టైమింగ్ గుర్తు. హౌసింగ్ కిటికీలోంచి కనిపిస్తుంది, కాస్త సుద్ద రాస్తే టైమింగ్ లైటు వెలుగులో బాగా తెలుస్తుంది.

డిస్ట్రిబ్యూటర్‌కు రంధ్రం కొట్టమనే కిట్ మాత్రం వద్దు. 2021 నాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు ట్రక్కులకు కాదు గానీ, 50 ఏళ్లు దాటిన సొంత కార్లు, టూవీలర్లు అసలు రూపంలో ఉండాలంటున్నాయి. మీ ఉస్తాద్ భయం కూడా ఉత్తది కాదు. పాయింట్లు మొరాయిస్తే రోడ్డు పక్కన ఎమ్రీ పేపర్‌తో గీకి ఇంటికి చేరొచ్చు, మాడ్యూల్ పోతే లారీ వెనక తాడు కట్టుకోవాల్సిందే. తీసిన పాయింట్లు, కండెన్సర్, ఒక స్క్రూడ్రైవర్ డ్యాష్‌బోర్డు అరలో ఉంచండి. వాటిని తిరిగి బిగించడం మీ అబ్బాయికి ఆయన చేతే నేర్పించండి.

ప్రశ్న: మా దగ్గర పాత టాటా మెర్సిడెస్ లారీ ఉంది. చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాదు. దానికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, ఘట్‌కేసర్

జవాబు: డబ్బు మిగిలిందనుకోండి. మీది డీజిల్ లారీ. పాయింట్లూ ఉండవు, స్పార్క్ ప్లగ్గులూ ఉండవు. మీ ఇంజనుకు హీటర్ ప్లగ్గులుంటే (స్టార్ట్ చేసే ముందు సిలిండర్లను వేడెక్కించేవి) ముందు వాటిని చూపించండి. వరసగా ఒకే లైనులో కలిపి ఉంటే ఒక్కటి పోయినా అన్నీ చల్లగానే ఉంటాయి.