బాగోలేదంటూనే ఆట ఎందుకు ఆపలేకపోతారు?

పదిహేనేళ్ల మీ అబ్బాయి రాత్రుళ్లు వీడియో గేమ్ వదలడం లేదని, ఆపమంటే చేతిలో ఉన్నది విసిరేస్తున్నాడని రాశారు. ఇది మెదడులోని డోపమైన్ అనే రసాయనం ప్రభావమా, మా పెంపకంలో లోపమా అని అడిగారు. నేను వైద్యురాలిని కాను. మా అబ్బాయి పద్నాలుగో ఏట ఇదే స్థితిలో పడి, తేరుకోవడానికి ఏడాదిన్నర పట్టింది; ఆ కాలంలో చూసిందీ, చదివి తెలుసుకున్నదీ చెబుతాను.

ఒక రాత్రి రెండు గంటలకు వాడి గది తలుపు తీశాను. అప్పుడే ఒక మ్యాచ్ ఓడిపోయాడు. ఫలితం తెర మీద పూర్తిగా కనిపించకముందే వాడి బొటనవేలు తర్వాతి మ్యాచ్‌ను మొదలుపెట్టేసింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, ముఖంలో సంతోషం ఛాయ కూడా లేదు. "అంత బాగుందా?" అని అడిగితే, "ఏం బాగోలేదమ్మా, కానీ ఆపలేకపోతున్నా" అన్నాడు. అది అబద్ధమని ఆ రోజు కోప్పడ్డాను. వాడు చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది.

డోపమైన్‌ను చాలామంది ఆనందాన్నిచ్చే రసాయనం అంటారు కానీ, దాని పని ప్రధానంగా "కావాలి" అనిపించడం. కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన ప్రయోగాల్లో, మెదడులో డోపమైన్ దాదాపు లేకుండా చేసిన ఎలుకలు ఎదురుగా ఆహారం ఉన్నా తినడానికి ప్రయత్నించలేదు. నోట్లో తీపి వేస్తే మాత్రం మామూలు ఎలుకల్లాగే ఇష్టంగా నాక్కున్నాయి. అంటే కోరుకోవడం, ఇష్టపడటం మెదడులో రెండు వేర్వేరు వ్యవహారాలు. మా వాడిలో ఇష్టం ఎప్పుడో పోయింది, కోరిక మాత్రం మిగిలింది.

ఆటలో డోపమైన్ విడుదలవుతుందన్న మాట ఊహ కాదు. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ట్యాంకును నడిపే వీడియో గేమ్ ఆడుతున్న ఎనిమిది మంది మెదళ్లను స్కాన్ చేసి, స్ట్రయాటమ్ అనే భాగంలో అది విడుదలవుతున్నట్టు గుర్తించారు. అయితే నాకు ఎక్కువగా ఉపయోగపడింది వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన పరిశోధన. పండ్లరసం వస్తుందని సూచించే సంకేతానికి కోతి అలవాటుపడ్డాక, డోపమైన్ విడుదల చేసే మెదడు కణాలు రసానికి కాక ఆ సంకేతానికే స్పందించాయి. అనుకున్న సమయానికి రసం రాకపోతే వాటి స్పందన మామూలు స్థాయి కంటే కిందికి పడిపోయింది. ఇది చదివాక, మ్యాచ్ మధ్యలో వైఫై ఆపేసినప్పుడల్లా మా వాడు ఎందుకంతగా ఊగిపోయేవాడో నాకు కొంత బోధపడింది. ఇక తెరిస్తే ఏ బహుమతి ఎప్పుడు దక్కుతుందో తెలియని, ఆటలోని పెట్టెలు, ఆటలో గెలుపోటముల అనిశ్చితి ఆ ఎదురుచూపును ఆరనివ్వవు. దానికి కళ్లెం వేయాల్సిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు ముందు భాగం ఇరవై ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది కనుక, పదిహేనేళ్ల పిల్లవాడిని "నీకు ఆ మాత్రం నిగ్రహం లేదా" అని నిలదీయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మేము చేసిన మార్పుల్లో మొదటిది, నిమిషాలు లెక్కపెట్టడం మానేసి మ్యాచ్‌లు లెక్కపెట్టడం. రెండు మ్యాచ్‌లని ముందే ఒప్పుకున్నాక, రెండోది పూర్తయ్యేదాకా మేము నోరు మెదపలేదు. రాత్రి ఇంట్లో అందరి ఫోన్లూ, మావి కూడా, పడకగదుల బయటే ఉండేవి. నిద్ర సరిపోని రోజుల్లో వాడి పట్టుదల రెట్టింపయ్యేది కాబట్టి నిద్ర విషయంలో మాత్రం రాజీపడలేదు. మొదటి రెండు వారాలు చిరాకు, విసుగు, ఒంటరిగా కూర్చోవడం. అవి చూసి మేమే వెనక్కి తగ్గుదామనుకున్న రోజులున్నాయి. అసలు మలుపు సైకాలజిస్టు దగ్గర వచ్చింది. తరగతిలో తనతో ఎవరూ మాట్లాడటం లేదని, ఆటలోని జట్టు ఒక్కటే తన కోసం ఎదురుచూస్తుందని వాడు ఆవిడకు చెప్పాడు. అన్ని నెలల్లో మేము వాడిని ఆ సంగతి అడగనే లేదు.

ఎక్కువసేపు ఆడే ప్రతి పిల్లవాడూ వ్యసనపరుడు కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణ జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్‌కు చూసే లక్షణాలు మూడు: ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా కొనసాగించడం. దాని వల్ల చదువు, ఇల్లు, స్నేహాలు గట్టిగా దెబ్బతిని ఉండాలి. సాధారణంగా ఇవి పన్నెండు నెలలు కొనసాగాలంటారు కానీ, లక్షణాలు తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కర్లేదని కూడా అందులోనే ఉంది. వస్తువులు విసిరేదాకా వచ్చిందంటున్నారు కాబట్టి, మీరు ఈ వారమే పిల్లల మానసిక వైద్యులను కలవండి. వెళ్లేముందు, వాడు ఆడని సమయం చూసి, "ఆ ఆట నీకింకా బాగుంటోందా?" అని అడిగి, వాడు చెప్పేది చివరిదాకా వినండి. ఆ జవాబు వైద్యులకు కూడా పనికొస్తుంది.