ఆకలి మీద పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. స్కూల్లో ప్రపంచ ఆహార భద్రత మీద ప్రాజెక్ట్ చేసినప్పటి నుంచి ఈ రంగంలోకే వెళ్తానని పట్టుబడుతోంది. అగ్రికల్చర్ డిగ్రీలో చేర్పిస్తే సరిపోతుందా? ఐక్యరాజ్య సమితిలో తప్ప ఉద్యోగాలు ఉండవేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ఈ రంగంలో ఐరాస ఉద్యోగులు కొద్దిమందే. విత్తన సంస్థలు, ఓడల రవాణా, పంటల బీమా, కోల్డ్ స్టోరేజీలు, వాతావరణ విభాగాలు, పరిశోధన కేంద్రాలు అన్నింటికీ మనుషులు కావాలి. మీరు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పొలం నుంచి కంచం దాకా సాగే ఈ దారిలో మీ అమ్మాయి ఎక్కడ పని చేయాలనుకుంటోంది?

ఆకలి అనగానే పంట తగ్గిందనుకుంటాం. ఐరాస సంస్థల లెక్క ప్రకారం 2024లో దాదాపు 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు. మరోపక్క ఇళ్లు, హోటళ్లు, దుకాణాల్లో 2022 ఒక్క ఏడాదే 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అదే ఏడాది రష్యాతో యుద్ధం మొదలయ్యాక యుక్రెయిన్ గోదాముల్లో ధాన్యం నిండుగా ఉంది, నల్లసముద్రం రేవులు దాటే దారే లేదు. మార్చి నాటికి ప్రపంచ ఆహార ధరల సూచీ రికార్డు స్థాయికి చేరింది. నత్రజని ఎరువుల తయారీకి సహజవాయువు కావాలి కాబట్టి గ్యాస్‌తో పాటు ఎరువుల ధరలూ మండిపోయాయి. ధాన్యం ఓడలను వెళ్లనిచ్చేలా జులైలో రష్యా, యుక్రెయిన్‌లతో కుదిరిన ఒప్పందం వల్ల ఏడాదిలో సుమారు 3.3 కోట్ల టన్నుల ధాన్యం, ఇతర ఆహార సరుకులు బయటికొచ్చాయి. దాని వెనక ఓడల తనిఖీ తెలిసినవాళ్లు, బీమా లెక్కలు కట్టేవాళ్లు, రెండు పక్షాలతోనూ ఓపిగ్గా మాట్లాడేవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎంతమంది వ్యవసాయం చదివి ఉంటారు చెప్పండి!

అమ్మాయికి బయాలజీ ఇష్టమైతే అగ్రికల్చర్ డిగ్రీ, ఆ తర్వాత జెనెటిక్స్ మంచి దారి. వరద నీటిలో రెండు వారాల దాకా మునిగినా తట్టుకునే వరి వంగడాలు ఇలాంటి చదువు నుంచే వచ్చాయి. కాకపోతే ఒక కొత్త వంగడం రైతు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది, అంత ఓపిక ఉండాలి. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన బ్యాంకు అందుబాటులో లేకుండా పోతే, శాస్త్రవేత్తలు తాము ముందే నార్వేలోని స్వాల్బార్డ్ విత్తన ఖజానాలో దాచిన నకళ్లను 2015లో వెనక్కి తెప్పించుకున్నారు. వాటిని లెబనాన్, మొరాకోల్లో నాటి, పెంచి, 2017లో మళ్లీ కొన్ని విత్తనాలను స్వాల్బార్డ్‌కే పంపారు. ఏళ్ల తరబడి లేబుళ్లు రాసి, మొలక శాతం చూసి, రికార్డులు సరిగ్గా ఉంచినవాళ్ల వల్లే ఇది సాధ్యమైంది. ఈ పని గురించి పేపర్లలో రాదు, నాకు మాత్రం చాలా గౌరవం.

లెక్కలంటే ఇష్టమైతే స్టాటిస్టిక్స్ లేదా ఎకనామిక్స్ చదివించండి. కరువు ముంచుకొస్తోందని ముందే చెప్పే పని అక్కడుంది. కొలతలు తీసేవాళ్లు పసిపిల్లల జబ్బ చుట్టూ చిన్న టేపు చుట్టి చూస్తారు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు బిడ్డకు అది 115 మిల్లీమీటర్లకన్నా తగ్గితే తీవ్ర పోషకాహార లోపం. అలాంటి కొలతలను వర్షపాతం, మార్కెట్ ధరలు, మరణాల లెక్కలతో కలిపి ఆకలి తీవ్రతను చెప్పే అయిదు దశల్లో ఒక ప్రాంతం ఎక్కడుందో తేలుస్తారు. అయిదో దశ అంటే కరువు. ఒక అంకె తప్పితే సాయం ఆలస్యమవుతుంది కాబట్టి బాధ్యత చిన్నది కాదు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. సహాయ సంస్థల్లో ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టు మీద ఉంటాయి. 2025లో దాతల నిధులు బాగా తగ్గి చాలామందిని తీసేశారు. అందుకే డిగ్రీ స్థాయిలో ‘ఆహార భద్రత’ అన్న పేరున్న కోర్సు కోసం వెతక్కండి. ఎక్కడైనా పనికొచ్చే ఒక సబ్జెక్టు లోతుగా చదివించి, ప్రత్యేక చదువు మాస్టర్స్‌కు ఉంచండి. ఫ్రెంచ్ లేదా అరబిక్ కొంత నేర్చుకుంటే తర్వాత చాలా ఉపయోగం.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) ఫావోస్టాట్ అనే వెబ్‌సైట్‌లో 1961 నుంచి ఉన్న దేశదేశాల ఆహార, వ్యవసాయ గణాంకాలను ఉచితంగా ఇస్తోంది. ఏదో ఒక దేశం ఎంచుకుని, గత ఇరవై ఏళ్లలో గోధుమ ఎంత పండింది, ఎంత దిగుమతి చేసుకుంది గ్రాఫ్ గీయమనండి. ఆ గీత ఎందుకు పడిపోయిందని తనే వెతకడం మొదలుపెడితే డేటా వైపు పంపండి. అంకెలు పక్కన పెట్టి గోధుమ మొక్క గురించే అడుగుతుంటే అగ్రికల్చర్‌లో చేర్పించండి.