అరవై ట్యాంకులూ ఒక్కరి ఖాతాలో వేయకండి

ప్రశ్న: అమ్మా, నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఉండేది మల్కాజిగిరిలో. మా కాలనీ లైబ్రరీకి వచ్చే పిల్లల కోసం, 1965 యుద్ధంలో పరమవీర చక్ర పొందిన లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దెషిర్ తారాపోర్ గురించి పన్నెండు పేజీల పుస్తకం రాశాను. అచ్చుకిచ్చే ముందు ఇద్దరు మిత్రులకు చూపించాను. ఒకాయన ‘అరవై ట్యాంకులంటే ఎవరైనా నమ్ముతారా, తీసెయ్’ అన్నాడు. ఇంకొకాయన ‘గ్రెనేడ్ కథ అదిరింది, ఇంకా పెంచు’ అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ప్రతి పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి. (ఒక పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: మాస్టారూ, మొహమాటం వద్దన్నారు కాబట్టి ఎర్ర పెన్ను పట్టుకునే కూర్చున్నాను. మీ మిత్రులలో మొదటాయన తీసెయ్యమన్నది తీసెయ్యకండి. రెండో ఆయన పెంచమన్నది పెంచకండి.

అరవై ట్యాంకుల లెక్క మీరు కల్పించింది కాదు, పతకంతో పాటు, అది ఎందుకిచ్చారో చెబుతూ ప్రకటించిన సైటేషన్‌లోనే ఉంది. అయితే అక్కడున్నది ఆయన నడిపిన పూనా హార్స్ రెజిమెంటు గురించి. ఆ రెజిమెంటు శత్రువు ట్యాంకులు సుమారు 60 ధ్వంసం చేసిందనీ, తను పోగొట్టుకున్నవి 9 మాత్రమేననీ ఉంది. మీ ఏడో పేజీకి వచ్చేసరికి అది ‘తారాపోర్ ఒంటిచేత్తో అరవై ట్యాంకులను తుక్కుతుక్కు చేశాడు’ అని మారిపోయింది. స్కూలు మొత్తానికి వచ్చిన మార్కులను హెడ్మాస్టరు గారి ప్రోగ్రెస్ కార్డులో ఎక్కించారు మీరు! మీ మిత్రుడు నమ్మలేకపోయింది ఆ అంకెను కాదు, ఆ ‘ఒంటిచేత్తో’నే.

ఆ ఒక్క మాట కొట్టేస్తే ఆయన చిన్నబోతాడని భయపడకండి. సైటేషన్‌ని నెమ్మదిగా చదవండి. సెప్టెంబర్ 11న పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ సెక్టార్లో ఫిల్లోరాను పట్టుకునే ప్రధాన దాడి ఈ రెజిమెంటుది. వజీర్‌వాలీ వైపు నుంచి శత్రువు ఎదురుదాడి చేశాడు. తారాపోర్‌కి గాయమైంది, వెనక్కి వెళ్ళమంటే వెళ్ళలేదు. 14న వజీర్‌వాలీ, 16న జస్సోరాన్, బుతూర్-డోగ్రాండి ఆయన రెజిమెంటు చేజిక్కాయి. ఆయన ట్యాంకుకు ఒకటికి నాలుగు దెబ్బలు తగిలాయి, చివరికి మంటల్లో చిక్కుకుంది. అప్పటికి ఆయన వయసు 42. దెబ్బ తిన్న మనిషి అయిదు రోజుల పాటు ముందు వరసలోనే ఉండిపోవడం ఇక్కడ అసలు కథ. దానికి మీరిచ్చింది రెండు వాక్యాలు. ఏడో పేజీ మొత్తం దానికే ఇవ్వండి.

మా మరిది సైన్యంలో యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో ట్యాంకుల రిపేరు పని చేసి రిటైరై, తిరుమలగిరిలోనే స్థిరపడ్డాడు. మీ ఏడో పేజీ చదివి వినిపిస్తే ‘వదినా, ట్యాంకు లోపల కూర్చున్నవాడికి బయట ఏం కనిపిస్తుందో ఈయన ఒక్క ముక్కయినా రాయలేదేం?’ అన్నాడు. పైమూత వేసుకుంటే కమాండరుకు దిక్కు పెరిస్కోపు అద్దాలే. వాటిలోంచి కనిపించేది సన్నటి పట్టీ అంత. దుమ్ము లేస్తే అదీ లేదు. అందుకే చాలామంది కమాండర్లు మూత తెరిచి, చెవులకు వైర్‌లెస్ తగిలించుకుని, తల బయటపెట్టి నిలబడతారు. అలా అయితేనే శత్రువు ముందుగా కంటబడతాడు, శత్రువు కాల్చిన గుండు ముక్కలూ ముందు తగిలేది ఆ తలకే. ఇది రాస్తే పిల్లలకు ‘ధైర్యసాహసాలు’ అన్న మాట మీరు పదకొండుసార్లు వాడక్కర్లేదు. (లెక్కపెట్టాను. లెక్కల మాస్టారికి ఆ మాత్రం చేయాలి కదా.)

ఇక తప్పులు. మూడో పేజీలో ఆయన హైదరాబాద్‌లో పుట్టాడన్నారు. పుట్టింది బొంబాయిలో, 1923 ఆగస్టు 18న. మన ఊరితో చుట్టరికం వేరే ఉంది. తాతగారు నిజాం కొలువులో పనిచేశారు. ఈయన 1942లో సంస్థాన సైన్యంలో, 7వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో అధికారిగా చేరాడు. అది చాలదా? ఆరో పేజీలో ఫిల్లోరా అని రాసి పక్కన ‘జలంధర్ జిల్లా’ అన్నారు. జలంధర్ జిల్లాలో సట్లెజ్ ఒడ్డున ఉన్నది ఫిల్లౌర్, మన దేశంలోనే ఉంది. యుద్ధం జరిగిన ఫిల్లోరా సరిహద్దు అవతల పాకిస్తాన్‌లో ఉంది. సెప్టెంబర్ 11న అమరుడయ్యాడన్నది కూడా దిద్దండి. ఆయన పోయింది 16న. సైటేషన్ కథ 11తో మొదలవుతుంది కాబట్టి చాలామంది అక్కడే జారిపడతారు. ‘చావిండాను జయించి’ అన్నది పూర్తిగా తీసెయ్యండి. ఫిల్లోరా దగ్గర్లోని ఆ ఊరు కాల్పుల విరమణ నాటికీ పాకిస్తాన్ చేతిలోనే ఉంది. అది చేజిక్కలేదని రాసినంత మాత్రాన తారాపోర్ పతకం మెరుపు తగ్గదు.

గ్రెనేడ్ కథ సంగతి. శిక్షణలో ఓ కొత్త సిపాయి విసిరిన గ్రెనేడ్ దూరం పోకుండా దగ్గర్లోనే పడితే, తారాపోర్ దూకి దాన్ని తీసి అవతలికి విసిరాడనీ, అది పేలి ఛాతీకి గాయాలయ్యాయనీ చెబుతారు. చూసి మెచ్చుకున్న సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ ఏం కావాలని అడిగితే, ఈయన ట్యాంకుల వైపు పంపమన్నాడట. అలా సంస్థానపు ట్యాంకుల దళం లాన్సర్స్‌లోకి వెళ్ళాడు. కథ ఉంచండి, ‘చెబుతారు’ అన్న మాటతో. కానీ ఎల్ ఎద్రూస్ ‘శభాష్ నా సింహమా!’ అని కౌగిలించుకున్నట్టు కొటేషన్‌లో పెట్టారే, ఆ మాట ఎవరు విన్నారు మాస్టారూ? సైటేషన్ నుంచి తీసుకున్నది, కుటుంబం చెప్పుకునేది, మీరు ఊహించినది - ప్రతి వాక్యం పక్కనా మార్జిన్లో పెన్సిల్‌తో ఏది ఏదో గుర్తు పెట్టుకోండి. మూడో రకం గుర్తు పడినవన్నీ అచ్చుకు పోకూడదు.

నాకు అన్నిటికన్నా లోటుగా తోచింది ఐదో పేజీ. రెండో ప్రపంచ యుద్ధంలో పశ్చిమాసియాలో పనిచేశాడన్నారు, ఒక్క గెంతులో 1951కి వచ్చి పూనా హార్స్‌లో చేర్చేశారు. మధ్యలో 1948 సెప్టెంబర్ ఏమైంది? హైదరాబాద్ పిల్లలు చదివే పుస్తకంలోంచి ఆ నెల మాయమైతే ఎట్లా? ఆయన ఉద్యోగం చేసిన సంస్థాన సైన్యం ఆ 18న భారత సైన్యానికి లొంగిపోయింది. ఎల్ ఎద్రూస్ లొంగిపోయింది మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు. పదిహేడేళ్ళ తర్వాత, 1965లో భారత సైన్యాధిపతి ఎవరు? అదే చౌధురి. ఒకప్పుడు నిజాం సైన్యంలో ఉన్న అధికారి ఆయన సేనలో రెజిమెంటుకు అధిపతై ప్రాణమిచ్చాడు. ఇంతకు మించిన మలుపు మీ పుస్తకంలో లేదు. ఏ విశేషణమూ తగిలించకుండా మూడు వాక్యాల్లో పెట్టండి, చాలు.

తారాపోర్ తాను పోతే యుద్ధభూమిలోనే దహనం చెయ్యాలనీ, ప్రార్థన పుస్తకం అమ్మకూ, ఫౌంటెన్ పెన్ను కొడుక్కూ అందజేయాలనీ తోటి అధికారికి చెప్పుకున్నాడని అంటారు. మీరు దీన్ని ఒక్క లైనులో దాటేశారు. ఆయన పార్సీ, పార్సీలలో దహనం సంప్రదాయం కాదు. పార్సీల అంత్యక్రియల చోటు ఉన్న మన పార్సీగుట్టకు ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసిన పిల్లలెవరైనా తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్న రావాలనే రాయండి.

అట్ట మీద బొమ్మ గురించి: పూనా హార్స్ అన్న పేరు చూసి మీ ఆర్టిస్టు గుర్రాలు గీశాడు. 1965లో ఆ రెజిమెంటు నడిపినవి సెంచూరియన్ ట్యాంకులు. బొమ్మ మార్పించండి.

దిద్దాక ఐదు, ఏడు పేజీలు మాత్రం మళ్ళీ పంపండి, చూస్తాను.

ప్రశ్న: మా స్కూలు పత్రికలో ‘పరమవీర చక్ర అబ్దుల్ హమీద్’ అని పేరు ముందు బిరుదులా వేశాం. తప్పా? (ఒక టీచరు, సరూర్‌నగర్)

జవాబు: పద్మశ్రీ, పద్మభూషణ్ లాంటివి పేరుకు ముందూ వెనకా తగిలించకూడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. శౌర్య పతకాల దారి వేరు, సైన్యంలో పేరు తర్వాత పీవీసీ అని రాయడం ఆనవాయితీ. మీరు మాత్రం ‘పరమవీర చక్ర గ్రహీత’ అని పూర్తిగా రాయండి. పీవీసీ అంటే మన పిల్లలకు ముందు గుర్తొచ్చేది డాబా మీది నీళ్ళ పైపే.