బీగం చూసి రాయొద్దు పాపా

చి. ల. సౌ. పాపకు పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

మనాలీ చూసుకుని తిరిగొస్తూ మీరంతా కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కినారని, ఎల్లుండి పొద్దున అనంతపురంలో దిగుతారని మీ నాయన ఫోన్ చేసినాడు. అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పినాడు. బడి తెరవగానే నువ్వు బీఎల్‌ఓ డ్యూటీ, అదే ఇల్లిల్లూ తిరిగి ఓటర్ల జాబితా సరిచూసే బూత్ లెవల్ ఆఫీసరు పని, చేస్తానని ఒప్పుకున్నావంట. అందరూ తప్పించుకోవడానికి మెడికల్ సర్టిఫికెట్లు వెతుక్కునే పనికి మన పాప తనంతట తాను తలూపిందని ఇక్కడ ఉరవకొండలో నలుగురికీ చెప్పుకున్నా. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తా, ముందు ఇంటి సంగతి.

బీగం తీయగానే సామాన్లు లోపలికి మోయొద్దు. కిటికీలన్నీ తెరిచి కాసేపు బయట కూర్చోండి. గ్యాస్ వాసన వస్తే లైటు స్విచ్ ముట్టొద్దు. పిల్లల స్కూలు బూట్లు దులిపి ఎండలో పెట్టు. నవ్వకు. మీ పెద్దమ్మను తేలు కుట్టింది ఇట్లా ఊరినుంచి వచ్చిన రోజే, మూలనున్న చెప్పులో కాలు పెట్టి. ఆ రాత్రంతా ఆస్పత్రి బెంచీ మీద ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు మా ఇంట్లో చెప్పులు దులపకుండా ఎవరూ వేసుకోరు, పక్క గదిలోకి పోయి వచ్చినా సరే.

తర్వాత తొట్టి. నలభై రోజుల నిలువ నీళ్లు. మంచినీళ్లే కదా అంటావేమో, డెంగీ దోమకు కావలసింది ఆ మంచినీళ్లే. గుడ్డు దోమ కావడానికి ఎనిమిది, పది రోజులు చాలు. ఊరికే పారబోస్తే పోదు, గుడ్లు నీటి అంచున గోడకు అతుక్కుని ఉంటాయి, బ్రష్‌తో రుద్దాలి. ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడు. రేపు నువ్వు ఇల్లిల్లూ తిరిగేటప్పుడు నీ ఇంటి తొట్టిలోనే పురుగులుంటే బాగుండదు.

పాలు, కరెంటు బిల్లు నీకు తెలిసినవే. ఇంటి పన్ను ఏప్రిల్ 30 లోపల ఏడాదిది మొత్తం కడితే 5 శాతం తగ్గుతుందని పోయేముందే చెప్పినా. కట్టలేదని అల్లుడు ఒప్పుకున్నాడు. పోనీలే, మొదటి అర్ధ సంవత్సరానిదన్నా ఈ నెలలో కట్టేయండి. మన పెద్దోడికి 18 నిండినాయి కదా, కొత్త ఓటుకు వానితో ఫారం 6 పెట్టించు. 18 నిండినాయా అని చూసేందుకు ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఇప్పుడు ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా ఉన్నాయి. బీఎల్‌ఓ ఇంట్లోనే ఓటు లేదని ఎవరన్నా నవ్వితే నేను తట్టుకోలేను.

ఇక నా సంగతి. మీ నాయనకు కూడా తెలియదు.

2008 దసరా సెలవులు. మీ పెద్దమ్మ పదేళ్లుగా అడుగుతుంటే కాశీకి తీసుకుపోయినా. అప్పుడు నేనూ బీఎల్‌ఓనే. తిరిగి వచ్చేసరికి బల్లమీద ఓటర్ల జాబితా ఉంది, గడువు మూడు రోజులు. ఒంట్లో ఇంకా రైలు ఊపు తగ్గలేదు. నాకు పడిన ఊరు కళ్యాణదుర్గం వైపు. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే ఊరు, పంట పోతే జనం సుగ్గికి, అంటే వేరే ఊర్లకు కూలికి, బెంగుళూరు కట్టడం పనులకు పోతారు. సాయంత్రం ఐదింటికి ఒక వీధి మొదలుపెట్టి ఏడుకల్లా ముగించినా. అంత తొందరగా ముగించినందుకు సంతోషపడినా కూడా.

ఆ వీధిలో ఒక ఇంటికి బీగం. వాకిట్లో పాత రంగుల డబ్బాలో తులసి చెట్టు, దాని మట్టి తడిగా ఉంది. చూసినా పాపా. చూసి కూడా, పక్కన గోలీలాడే పిలగాన్ని అడిగినా. "బెంగుళూరు పోయినారు సార్" అన్నాడు. ముగ్గురి పేర్ల పక్కన 'ఊరు విడిచినారు' అని రాసేసినా. కొడుకు, కోడలు పోయింది నిజమే. ముసలమ్మ పోలేదు. మేకలు తోలుకుని గుట్టకు పోయింది, అంతే.

2009 ఏప్రిల్, పోలింగ్ రోజు. బూతు బయట వేపచెట్టు కింద జాబితా పెట్టుకుని కూర్చున్నా. పదకొండు గంటలప్పుడు ఆమె వచ్చింది, తలకు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని. కొంగుముడి విప్పి ప్లాస్టిక్ కవరులోంచి ఓటు కార్డు తీసి ఇచ్చింది. కార్డు ఉంటే ఏం లాభం, జాబితాలో పేరుండాల కదా. రెండుసార్లు వెతికినట్టు నటించినా. ఇంటి నంబరు చూడగానే నాకు అర్థమైపోయింది.

"పేరు లేదవ్వా" అన్నా.

"నేను చచ్చిపోయినట్టు రాసినారా సామీ?" అని అడిగింది. కోపం లేదు. పింఛను కూడా ఆగిపోతుందేమోనని ఆమె భయం. పింఛనుకూ దీనికీ సంబంధం లేదని చెప్పినా. రాసింది నేనేనని చెప్పలేదు. "పైనుంచే తప్పు వచ్చింది" అన్నా. "కానీలే సామీ" అని ఆ ఎండలో నడిచిపోయింది.

తర్వాత నేనే ఫారం నింపి, వేలిముద్ర వేయించి, ఆమె పేరు మళ్లీ ఎక్కించినా. ఆరోజు కూడా నోరు రాలేదు. పైగా ఆమె నాకు చెంబుడు మజ్జిగ ఇచ్చింది. తాగినా.

అందుకే పాపా, సెలవులనుంచి వచ్చిన మొదటి వారం ఆ జాబితా ముట్టొద్దు. బడి 12న తెరుస్తారు, ఇల్లు, పిల్లలు ఒక దారికి రానీ. ఒళ్లు ఇక్కడ, మనసు మనాలీలో ఉన్నప్పుడు ఎవరి పేరూ కొట్టేయొద్దు. బీగం కనబడితే మూడుసార్లు పో, ఒకసారి పొద్దున్నే ఆరింటికి, ఒకసారి దీపాలు పెట్టినాక. పిల్లల మాట మీద రాయొద్దు, ఇరుగుపొరుగు పెద్దోళ్లను ఇద్దరిని అడుగు. ఇల్లు మారినవాళ్లకు ఇప్పుడు ఫారం 8 ఉంది కదా, కొట్టేయడం కంటే అది నింపించడం మేలు. బూతుకు 1200 మంది దాకా ఉంటారు. ఎవరో ఒకరు నిన్ను తొందరపెడతారు, పెట్టనీ.

నీ ఇంటికే నలభై రోజులుగా బీగం వేసుంది. ఈలోపల నాలాంటివాడొకడు వచ్చి, ఎదురింటి పిలగాన్ని అడిగి 'ఊరు విడిచినారు' అని రాసుకుపోయి ఉంటే? దిగగానే నీ పేరు, అల్లుడి పేరు జాబితాలో ఉన్నాయో లేదో చూసి ఫోన్ చెయ్యి.

ఈ ఉత్తరంతోపాటు ఊరిబిండి పచ్చడి, వేయించిన చెనిక్కాయలు మీ ఎదురింట్లో ఇచ్చి రమ్మని పంపిస్తున్నా. ఆ రోజుకు వంట పెట్టుకోవద్దు, కాస్త అన్నం వండుకుంటే చాలు. స్టీలు డబ్బా మీ పెద్దమ్మది, మరిచిపోకుండా పంపు. తిరిగేటప్పుడు గొడుగు, నీళ్ల సీసా పెట్టుకో.

ఇట్లు,
పెద్దనాయన