మొక్క పెట్టు, మోటారు ఆపకు

అమ్మలూ,

హాల్లో చేపల తొట్టి పెట్టి, అందులోకి మనీ ప్లాంట్ వేర్లు వదులుతావట కదా. మీ పెద్దమ్మ చెప్పగానే మురిసిపోయాను, చేపల చెరువుల ఆకివీడు పిల్ల అనిపించుకున్నావని. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

నీళ్ళు శుభ్రం చెయ్యడానికి మొక్క పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. చేప వదిలే అమ్మోనియాని బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. వేర్లు తాగేది ఎక్కువగా ఆ నైట్రేట్‌నే. పొలాల ఎరువు నీళ్ళు తాగి కొల్లేరులో గుర్రపుడెక్క ఎలా బలుస్తుందో నువ్వు చూసిందేగా!

కణుపు కింద కత్తిరించి, సీసాలో వేరు పట్టించి పెట్టు. నర్సరీ మొక్కయితే మట్టీ ఎరువూ పూర్తిగా కడుగు. వేర్లే నీళ్ళలో ఉండాలి, ఆకు మునిగితే కుళ్ళుతుంది. కుళాయిలో వచ్చే మంజీరా నీళ్ళు ఒక రాత్రి బకెట్లో ఉంచి, క్లోరిన్ పోయాక పొయ్యి. మొదటి నెలా నెలన్నర ఒకటి రెండు చేపలు చాలు.

ఇక మీ నాన్న సంగతి. నువ్వు చిన్నపిల్లవి, గుర్తుండదు. పాత ఇంట్లో గోల్డ్‌ఫిష్‌లు పెంచాడు. తొట్టెలో పెట్టిన మనీ ప్లాంట్ తీగ కిటికీ ఊచలెక్కి పచ్చగా పాకింది, నీళ్ళు అద్దంలా ఉండేవి. వచ్చినవాళ్ళందరికీ అదే గొప్ప. ఎండాకాలం, ఫిల్టర్ మోటారు చప్పుడుకి నిద్ర పట్టట్లేదని రాత్రి దాని స్విచ్ ఆపేశాడు. 'మొక్క ఉందిగా అన్నయ్యా, ఆక్సిజన్ అదే ఇస్తుంది' అన్నాడు నాతో! చెరువుల మీద బతికే ఇంట్లో పుట్టి! ఆకులు గాల్లో ఉంటే అవి వదిలే ఆక్సిజన్ గాల్లోకే పోతుంది, నీళ్ళలోకి కాదు. పైగా నీళ్ళలో ఉన్న వేర్లు కూడా ఊపిరి పీలుస్తాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ. ఫిల్టర్ స్పాంజిలోని బ్యాక్టీరియాకీ నీళ్ళు కదులుతుంటేనే ఊపిరి. తెల్లారేసరికి చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. చెరువులో అలా కనిపిస్తే నేను పంచె బిగించి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తేవాణ్ణి. వాడు మేత వేశాడు, ఆకలనుకుని! జామచెట్టు కింద వాటిని పాతిపెడుతుంటే నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చావు. ఆ చిన్న చెయ్యి ఇప్పుడు తొట్టెలు పెట్టేంత అయిందా!

అందుకని మొక్క ఎంత పెరిగినా ఫిల్టర్ ఆపకు. స్పాంజిని కుళాయి కింద కడగకు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్ళలోనే పిండు. కరెంటు పోతే పనికొచ్చే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను.

ఇంకొకటి, నవ్వకు. ఫిల్టర్ వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్ళాలి. అప్పుడు జారిన నీటి చుక్క నేల మీద పడుతుంది. తొట్టెలో చెయ్యి పెట్టే ముందు స్విచ్ ఆపి ప్లగ్గు తియ్యి, పని అవగానే మళ్ళీ వెయ్యి. గట్ల మీద తడి చేతులతో కరెంటు ముట్టుకున్నవాళ్ళని నేను చూశాను.

వేర్లు ఫిల్టర్ నోట్లోకి పాకితే కత్తిరించు. ఫోటో పంపేటప్పుడు ఆకులవి కాదు, వేర్లవి పంపు. తెల్లగా ఉంటే మంచిదే, గోధుమరంగులో జిగటగా ఉంటే వెంటనే ఫోన్ చెయ్యి. తెల్లవారుజామున నాలుగింటికైనా ఎత్తుతాను, చెరువు అలవాటు ఇంకా పోలేదు.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించకు.

మీ పెదనాన్న