కామెంటరీలో ఈ కొత్త లెక్కలు ఆట మజా చెడగొడుతున్నాయా?

కంట్రోల్ శాతం, విన్ ప్రిడిక్టర్, ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ వింటుంటే ఆట చూస్తున్నామా, లెక్కల క్లాసులో కూర్చున్నామా అని ఒకరు అడిగారు. మా ఇంట్లో ఈ గొడవ ఏళ్లుగా ఉంది.

కొన్నాళ్లు నేను క్లబ్ మ్యాచ్‌లకు స్కోరు రాశాను. ఊరికే పరుగులు రాస్తే బోరు కొట్టి, ప్రతి బంతి పక్కనా ఓ గుర్తు పెట్టడం మొదలెట్టా. బ్యాటర్ అనుకున్నట్టే ఆడితే టిక్కు. ఎడ్జ్ తగిలినా (బ్యాటు అంచుకి తగలడం), బీట్ అయినా (బ్యాటుకి అందకుండా పోవడం) అడ్డగీత. ఒకరోజు మా ఓపెనర్ 60 కొట్టాడు, అందరూ ఒకటే చప్పట్లు. పుస్తకం చూస్తే దాదాపు మూడు బంతులకొక అడ్డగీత! పక్కనున్న బాబాయి అటు తొంగి కూడా చూడకుండా, "అరవై కొట్టాడు గానీ, ఇవాళ వీడు నాలుగుసార్లు అవుటవ్వాల్సింది రా" అన్నాడు. లెక్కలంటే ఒళ్లుమంట ఆయనకి. కానీ నేను గీసిందీ ఆయన అన్నదీ ఒకటే. ఆడిన బంతుల్లో టిక్కులెంత శాతమో అదే కంట్రోల్ శాతం, అంతకు మించి బ్రహ్మవిద్యేం కాదు.

అసలు ఆయనకి చిరాకు తెప్పించేవి వేరు. "ఈ మైదానంలో రాత్రిపూట ఎడమచేతివాటం వాళ్లు..." అంటూ మొదలయ్యేవి. అది విశ్లేషణ కాదు, కాలక్షేపం. దాని పాపానికి అసలైన లెక్కలూ తిట్లు తింటున్నాయి.

చెప్పే ఓపిక లేకపోవడం ఇంకో జబ్బు. ఫుట్‌బాల్‌లో పెనాల్టీకి ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ విలువ సుమారు 0.78 వేస్తారు. అంటే అలాంటి వంద కిక్కుల్లో 78 దాకా గోల్స్ అవుతాయని. ఒక జట్టు కొట్టిన షాట్లన్నిటికీ ఇలాంటి విలువలు కూడితే వచ్చేదే మ్యాచ్ లెక్క. ఈ ఒక్క ముక్క చెప్పకుండా "1.4" అని తెరమీద పడేసి రీప్లేకి వెళ్లిపోతే ఎవరికి అర్థమవుతుంది?

ఏ జట్టుకి గెలుపు అవకాశం ఎంత శాతమో చూపించే విన్ ప్రిడిక్టర్ దగ్గర మాత్రం నేనే ఓడిపోయా. 2019 హెడింగ్లీ టెస్టు. ఇంగ్లండ్ 286/9, చేతిలో ఒక్క వికెట్టే, గెలవడానికి ఇంకా 73 కావాలి. చివరికి స్టోక్స్ 135 నాటౌట్, అవతల లీచ్ 17 బంతులాడి చేసింది ఒక్క పరుగు. గెలిచేశారు. "ఏదిరా నీ శాతం?" అన్నాడు బాబాయి. రెండు శాతమన్నా యాభైలో ఒకసారి జరుగుతుందనే కదా అన్నాను. "ఆ ఒక్కసారి కోసమే కదరా కూర్చున్నది, మధ్యలో వాడి గోలెందుకు?"

ఇప్పటికీ ఆ శాతాల పట్టీ తెరమీదికి రాగానే బాబాయి మొహం తిప్పేసుకుంటాడు. కాసేపాగి, "ఎంతంట?" అని నన్నే అడుగుతాడు.