పాస్టరు గారి నోట ఆ మాట వద్దు

అమ్మాయీ,

కథ అందింది. అంతర్వేది వైపు ఊరు, సమాధి తవ్వుతుంటే నీళ్ళు ఊరడం, బకెట్లతో తోడిపోస్తూ మళ్ళీ తవ్వడం బాగా పట్టుకున్నావు. మన లంకల్లో నాలుగడుగులు దిగితే ఊటే కదా. పెట్టె నీళ్ళలో తేలుతుందేమోనని పెద్దకొడుకు పడే బెంగ నాకు ఎంతో నచ్చింది. చిక్కంతా ఆ తరువాతి పేరాలో ఉంది.

పాస్టరు గారు గోతి అంచున నిలబడి, శరీరం చిరిగిన చొక్కా అనీ, ఆత్మ దాన్ని విడిచి వెళ్ళిపోయిందనీ అంటాడు. అది గీత రెండో అధ్యాయంలోని పోలిక. అక్కడ దాని అందం దానిది. పొరుగింటి అత్త ఓదార్పుగా అంటే అతికేది. మన ఊళ్ళలో మాటలు గోడలు దూకుతూనే ఉంటాయి. పాస్టరు గారు మాత్రం అనడు. క్రైస్తవుల్లోనూ శాఖలున్నాయి. నరసాపురం చుట్టుపక్కల బ్రదరన్ సంఘాలైతే విశ్వాస ప్రమాణం, అంటే తాము నమ్మేవాటిని వరుసగా చెప్పే పాఠం, వల్లించవు గానీ, నువ్వు లూథరన్ సంఘమని రాశావు. శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని ఆరాధనలో అందరిచేతా చెప్పించే మనిషి ఆయన. ఆత్మ ప్రభువు సన్నిధికి చేరిందన్నది ఆయన నమ్మకంలో సగం. లోకాంతాన కడబూర మోగిన నాడు ఈ గోతిలో పెట్టిన మనిషే ఒంటితో సహా లేస్తాడన్నది మిగతా సగం. అది లేకపోతే కొడుకు బెంగకు బరువెక్కడిది? చొక్కా తడిస్తే ఎవరికి నష్టం?

సువార్తల్లో లేచిన యేసును ఒకసారి చూడు. మగ్దలేనే మరియ ఆయనను తోటమాలి అనుకుంది. తలుపులు మూసి ఉండగానే లోపలికి వచ్చి నిలబడ్డాడు. శిష్యులు భూతమనుకుని జడుసుకుంటే, తినడానికేమైనా ఉందా అని అడిగి, కాల్చిన చేప ముక్క వాళ్ళ కళ్ళముందే తిన్నాడు. యోహాను 21వ అధ్యాయంలో, రాత్రంతా వల వేసి ఉత్తచేతులతో తెల్లవారిన వాళ్ళ కోసం ఒడ్డున నిప్పులు, వాటిమీద చేప సిద్ధం చేసి ఉంచాడు. చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. నీ కథ నిండా వేటకు వెళ్ళేవాళ్ళే. ఇంత చేప వాసన వేసే పునరుత్థానం చేతిలో ఉండగా నువ్వు రాసిన ఆ వెలుగు, ఆ తెల్ల పావురం ఎందుకమ్మా?

అపొస్తలుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో గింజ ప్రస్తావన తెస్తాడు. వేసిన గింజ చావనిదే బతకదు. వేసేది వట్టి గింజ, దేవుడిచ్చే రూపు వేరు. ఆయన పేరెత్తింది గోధుమ. నీ పాస్టరు చేత వరి అనిపించు. నానిన విత్తనాలను గోనెలో మండె కట్టి, విప్పినప్పుడు కనిపించే తెల్లటి మొలక, చేతికి తగిలే ఆ వేడి ఆ సంఘంలో ఎరగనివాళ్ళుండరు. అలాగని సాగదీయకు. పౌలే ఆ వెంటనే చేపలు, పక్షులు, నక్షత్రాలు అంటూ ముందుకు సాగిపోయాడు.

చిన్నకొడుకు 1996 నవంబరు 6 తుపానులో వేటకు వెళ్ళి తిరిగి రాలేదని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నన్నడిగితే అసలు కథ అక్కడే ఉంది. సమాధే లేని మనిషి ఎక్కడినుంచి లేస్తాడు? ఈ ప్రశ్న తల్లి అడగాలి. సముద్రం తనలోని మృతులను అప్పగించిందని ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలో ఉంది. పాస్టరు గారు ఆ వచనం చదువుతాడు. చదివాక ఆమె ఏమంటుందో రాయి. ఊరట పొందిందని మాత్రం రాయకు. నమ్మేవాళ్ళు ఏడవరని బయటివాళ్ళ అపోహ. నువ్వుంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదని యేసుతోనే నిష్ఠూరమాడిన మార్త, అదే నోటితో అంత్యదినాన అతడు లేస్తాడని నాకు తెలుసు అంది.

నేను విశ్వాసినా అని అడిగావు. నీ కథకు దానితో పనిలేదు. ఆ తల్లి విశ్వాసి. ఆమె నమ్మేదేమిటో నీకు తెలిస్తే చాలు.

ఇక ముగింపులో, యేసు సమాధిలోంచి లేపిన ఆ మార్త సహోదరుడు లాజరు ఉదాహరణ తీసేయి. లాజరు లేచింది పాత ఒంటితోనే, మళ్ళీ ఒకనాడు పోవలసినవాడే. సంఘం ఎదురుచూసేది ఇక చావు లేని శరీరం కోసం. మార్తను ఉంచుకో, ఆమె తల్లికి పనికొస్తుంది. తిరగరాశాక చేతిరాత ప్రతే పంపు, ఫోనులో చదవలేను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు